పాఠకుల ప్రశ్నలు: తేలే కిరోసిన్‌ల వెలుగు ఎందుకు నెమ్మదిస్తది?

పోయిన సంచికల వెలుగు శూన్యంల సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతది, నీళ్లల్ల, గాజుల అంతకన్నా తక్కువ పోతది అని ఒక్క లైన్ రాసి ముందుకు పోయినం. ఆ ఒక్క లైన్ మీదనే ఇన్ని ప్రశ్నలు వస్తయని అనుకోలే. టెన్త్ పిల్లల నుంచి వ్యవసాయం చేసేటోళ్ల దాకా అడిగిండ్రు, అన్నీ ఇంచుమించు ఒకే సంగతి చుట్టు తిరిగేవి కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేసినం. కొందరు పేరు వెయ్యొద్దన్నరు, అందుకని ఎవ్వరి పేర్లు వేస్తలేం, ఊర్లు మాత్రం రాస్తున్నం.

ప్రశ్న: సార్ నమస్తే. నేను టెన్త్ చదువుతున్న. మా ఫిజిక్స్ బుక్కుల టేబుల్ ఉన్నది, దాంట్ల నీళ్ల వక్రీభవన గుణకం 1.33, కిరోసిన్‌ది 1.44 అని ఇచ్చిండ్రు. మా సార్ ఏమో నీళ్లతోని పోలిస్తే కిరోసిన్ సాంద్రతర యానకం అన్నరు. కానీ కిరోసిన్ నీళ్ల మీద తేలుతది కద సార్, అంటే తేలికదే కద, తేలికదాంట్ల వెలుగు ఇంకా స్పీడుగ పోవాలె కద? (హనుమకొండ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: ఈ డౌట్ రాకుంట ఆ చాప్టర్ దాటినోళ్లు ఎవరన్నా ఉంటే వాళ్లు చదివి దాటలే, బట్టీ పట్టి దాటిండ్రని లెక్క బిడ్డా. మీ సార్ చెప్పింది కరెక్టే, నువ్వు చెప్పిన తేలుడు ముచ్చట కూడా కరెక్టే, రెండింటికి కొట్లాట లేదు, ఎందుకంటే అవి రెండు వేరే వేరే కొలతలు.

లీటరు డబ్బాల నీళ్లు పోస్తే కిలో తూగుతయి, అదే డబ్బాల కిరోసిన్ పోస్తే 800 గ్రాములకు అటిటుగ తూగుతది. ఇది బరువు లెక్క, తేలుడు మునుగుడు అంతా దీని మీదనే ఉంటది. దృక్ సాంద్రత అని బుక్కుల రాసేదానికి త్రాసుతోని పనే లేదు. శూన్యంల వెలుగు వేగాన్ని తీస్కొని ఆ పదార్థంల వెలుగు వేగంతోని భాగిస్తే వచ్చే నంబరే వక్రీభవన గుణకం, ఆ నంబరు ఎంత పెద్దగుంటే వెలుగు దాంట్ల అంత నెమ్మదిగ పోతదన్నట్టు, అట్ల నెమ్మదిగ పోయే పదార్థాన్నే సాంద్రతర యానకం అంటరు, అంతకు మించి ఏం లేదు. ఇప్పుడు నువ్వే లెక్క చెయ్యి, 3 లక్షలను 1.33తోని భాగిస్తే నీళ్లల్ల సెకనుకు 2 లక్షల 25 వేల కిలోమీటర్లు, 1.44తోని భాగిస్తే కిరోసిన్‌ల 2 లక్షల 8 వేలు. తేలేదాంట్లనే వెలుగు నెమ్మదిగ పోయింది.

కిరోసిన్ ఒక్కటే ఇట్ల విచిత్రంగ ఉన్నదనుకోకు. టర్పెంటైన్ కూడా నీళ్ల మీద తేలేదే, దాని గుణకం 1.47. కెంపు వజ్రం కన్నా బరువైన రాయి, నీళ్లతోని పోలిస్తే కెంపు సాంద్రత 4 రెట్లు, వజ్రానిది మూడున్నర రెట్లు, కానీ గుణకం చూస్తే కెంపుకు 1.77, వజ్రానికి 2.42. అంటే తక్కువ బరువున్న వజ్రంలనే వెలుగు సెకనుకు లక్షా 24 వేల కిలోమీటర్లకు పడిపోతది, కెంపుల లక్షా 69 వేలు ఉంటది. బరువును చూసి వెలుగు వేగం చెప్పుడు కుదరదని ఈ ఒక్క జత చూస్తేనే అర్థమైతది.

ఇంకా నమ్మకం కుదరకపోతే మీ స్కూల్ ల్యాబుల ఒక పని చెయ్యి, మీ సార్‌ను అడిగి చెయ్యి. ఒక చిన్న గాజు టెస్ట్ ట్యూబ్, అది వేడికి పగలని బోరోసిలికేట్ గాజుదై ఉండాలె, ల్యాబుల ఉండేవి మామూలుగ అవే ఉంటయి, దాన్ని ఒక పెద్ద బీకర్‌ల నిలబెట్టి సన్‌ఫ్లవర్ నూనె ట్యూబ్ లోపల, బయట రెండు దిక్కుల పొయ్యి. నూనె ఎంత దాకా నిండితే అంత దాకా ట్యూబ్ మాయమైతది, మూతి ఒక్కటే గాలిల తేలుతున్నట్టు కనబడ్తది. ఆ గాజు నీళ్ల కన్నా రెండు రెట్లకు పైగ బరువైంది, నూనె ఏమో నీళ్ల కన్నా తేలికది, కానీ రెండింటి గుణకం 1.47 దగ్గర్నే ఉంటది. వేగం మారితేనే వెలుగు వంగుతది, మారితేనే హద్దు కాడ కొంత వెనక్కి తిరిగొస్తది, మనకు గాజు కనబడేది ఆ వంగుడు, ఆ తిరిగొచ్చుడు వల్లనే. రెండు దిక్కుల వేగం ఒక్కటే అయినంక అక్కడ హద్దు ఉన్నదన్న సంగతి వెలుగుకు తెల్వనే తెల్వదు. మామూలు కిటికీ గాజు ముక్క వేస్తే మాత్రం పూర్తిగ మాయం కాదు, దాని గుణకం 1.52 కాబట్టి అంచులు లీలగ కనబడ్తనే ఉంటయి.

మరి బరువు కాకపోతే వెలుగును ఆపేదేంది? ఎలక్ట్రాన్లు. వెలుగు అంటే విద్యుదయస్కాంత తరంగం, అది పదార్థంలకు పోంగనే అక్కడి అణువులల్ల ఉన్న ఎలక్ట్రాన్లను తన తాళంలనే అటూ ఇటూ ఊపుతది. ఊగే ఎలక్ట్రాన్లు ఉత్తగ ఉండయి, అవి కూడా అదే ఫ్రీక్వెన్సీల, అంటే సెకనుకు అన్నే ఊపులతోని, తమ సొంత చిన్న తరంగాలు వదులుతయి, కాకపోతే పిసరంత లేటుగ. అసలు తరంగం, ఈ లేటు తరంగాలు కలిసిపోయినంక వచ్చే మొత్తం తరంగం వెనకబడ్తది, తర్వాతి పొరల ఇంకింత వెనకబడ్తది, అట్ల పొర పొరకు. ఒగ్గు డోలు కొట్టేటప్పుడు మొదటాయన దెబ్బ విని పక్కాయన రవ్వంత లేటుగ అందుకుంటే దూరంగ నిలబడ్డ మనకు రెండు దెబ్బలు వినబడవు, ఒక్క దెబ్బనే కొంచెం వెనక్కి జరిగినట్టు వినబడ్తది, అసొంటిదే ఇది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న. అణువు బరువు ఇంచుమించు మొత్తం కేంద్రకంల ఉంటది, ఆ బరువైన కేంద్రకాలు మన కంటికి కనబడే వెలుగు ఊపే స్పీడుకు కదలనే కదలవు. కదిలేది ఎలక్ట్రాన్లు, వాటికేమో బరువు లేనట్టే. త్రాసు మీద తూగేది ఒకటి, వెలుగును వెనక్కి గుంజేది ఇంకొకటి, అందుకే ఈ రెండు సాంద్రతలు ఒకదాని వెంట ఒకటి నడవాలని రూలేం లేదు. నీటి అణువుల ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గట్టిగ పట్టుకొని ఉంటది, అంత ఈజీగ ఊగనియ్యదు. కిరోసిన్‌ల ఉండే కార్బన్, హైడ్రోజన్ గొలుసులల్ల ఎలక్ట్రాన్లకు ఆ కట్టడి తక్కువ, ఎక్కువ ఊగుతయి, ఎక్కువ ఊగితే లేటు కూడా ఎక్కువ.

అట్లని బరువు సాంద్రతకు అసలు సంబంధమే లేదని రాసి రాకు, ఇక్కడొక మెలిక ఉన్నది. పదార్థం ఒక్కటే అయి అదే దగ్గరికి నొక్కుకుంటే అంతే జాగల ఊగే ఎలక్ట్రాన్లు ఎక్కువైతయి, గుణకం పెరుగుతది. ఐస్ నీళ్ల కన్నా తేలిక, దాని గుణకం 1.31, నీళ్లది 1.33, ఇక్కడ రెండు లెక్కలు ఒకే దిక్కు నడిచినయి. గాలిల అయితే ఇంకా సాఫుగ కనబడ్తది. మే నెల మధ్యాహ్నం రామగుండం దిక్కు రోడ్డు మీద పోతుంటే ముందట నీళ్లున్నట్టు మెరుస్తది చూడు, రోడ్డుకు ఆనుకొని ఉన్న గాలి కాగి పలచబడి దాంట్ల వెలుగు కొంచెం స్పీడుగ పోతది, మీది గాలిల కొంచెం నెమ్మదిగ పోతది, ఆ కొంచెం తేడాకే ఆకాశం నుంచి దిగే వెలుగు వంగి మళ్ల మీదికి లేసి మన కంట్ల పడ్తది, మనకు కనబడే ఆ నీళ్లు ఆకాశమే. మామూలు గాలి గుణకం 1.0003, అంటే మూడు సున్నాల తర్వాత ఉన్న అంకెల మార్పు వస్తేనే ఇంత మాయ.

పరీక్షల అడిగితే మాత్రం రెండు లైన్లు చాలు: కిరోసిన్ వక్రీభవన గుణకం నీటి కన్నా ఎక్కువ కాబట్టి దృక్ సాంద్రత ఎక్కువ, ద్రవ్యరాశి సాంద్రత తక్కువ. ఎలక్ట్రాన్ల కథ రాస్తే దిద్దేటోళ్లు సంతోషపడ్తరేమో గానీ టైం సరిపోదు.

ప్రశ్న: గాజుల వెలుగు 2 లక్షల కిలోమీటర్ల స్పీడుకు తగ్గుతది సరే, బయటికి రాంగనే మళ్ల 3 లక్షలు ఎట్లయితది? బండి అయితే ఎక్సలేటర్ ఇయ్యాలె, దీన్ని ఎవరు తోస్తరు? మా ఫ్రెండ్ ఏమో వెలుగు అణువులకు తగులుకుంట వంకర టింకరగ పోతది కాబట్టి లేట్ అయితది, బయట తగలడానికి ఏం ఉండదు కాబట్టి స్పీడు అయితది అంటున్నడు. (పెద్దపల్లి, ఇంటర్ సెకండియర్)

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది యూట్యూబుల మస్తు తిరిగే జవాబే తమ్ముడూ, కానీ అది నిలవదు. వెలుగు అణువు అణువుకు తగిలి ఎటంటే అటు ఎగిరితే గాజులకెల్లి అవతల మనిషి ముఖం సాఫుగ ఎట్ల కనబడ్తది? పాలల్ల జరిగేది అదే, కొవ్వు బొట్లకు తగిలి వెలుగు చెదిరిపోతది, అందుకే పాలు తెల్లగ ఉంటయి, అవతలిది కనబడదు. గాజుల కిరణం గీసిన గీత లెక్క సక్కగ పోతది, సక్కగ పోయి కూడా లేటుగ చేరుతది, కాబట్టి లేటుకు కారణం వంకర దారి కాదు.

పైన చెప్పిన ఎలక్ట్రాన్ల ముచ్చటతోనే నీ ప్రశ్నకు జవాబు దొరుకుతది. వెలుగును ఎవ్వరూ బ్రేకు వేసి ఆపలే, లేటు తరంగాలు వచ్చి కలుస్తున్నయి కాబట్టి మొత్తం తరంగం వెనకబడ్డది, అంతే. గాజు అయిపోయినంక కలవడానికి లేటు తరంగాలు లేవు, ఇగ తోసుడెందుకు? పోగొట్టుకున్నదేం లేదు కాబట్టి మళ్ల ఇయ్యాల్సింది కూడా ఏం లేదు. గాజు ముఖాల కాడ కొంత వెలుగు తిరిగి వెనక్కి పోతది, ఒక్కో ముఖం కాడ 100ల 4 వంతులు, అది వేరే లెక్క, దాని వల్ల వెలుతురు తగ్గుతది గానీ స్పీడు కాదు.

ఇంకో మాట. లోపల స్పీడు తగ్గినా ఫ్రీక్వెన్సీ మారదు, తరంగ దైర్ఘ్యం, అంటే ఒక అలకు ఇంకో అలకు నడుమ దూరం, తగ్గుతది. గాలిల 650 నానోమీటర్లున్న ఎర్ర వెలుగు నీళ్లల్ల 489కి వస్తది. గాలిల అయితే 489 అంటే నీలం దిక్కు రంగు, అట్లని నీళ్లల్ల మునిగి చూస్తే ఎర్ర అంగీ నీలం కనబడ్తదా? కనబడదు, కన్ను పట్టుకునేది ఫ్రీక్వెన్సీనే. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) టైపు పరీక్షలల్ల దీన్ని తిప్పి తిప్పి అడుగుతరు, జాగ్రత్త.

ప్రశ్న: నీళ్లల్ల వెలుగు నెమ్మదిగ పోతదని ఇంత గ్యారంటీగ చెప్తున్నరు, సెకనుకు లక్షల కిలోమీటర్లు పోయేదాన్ని తొట్టెడు నీళ్లల్ల ఎట్ల కొలిచిండ్రు? న్యూటన్ ఉల్టా చెప్పిండని ఎక్కడో చదివిన, నిజమేనా? (జనగామ నుంచి ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: నిజమే సార్, ఈ ప్రశ్న మీరు అడిగినందుకు సంతోషం, ఎందుకంటే బుక్కులల్ల ఈ కథను ఒక్క వాక్యంల తేల్చేస్తరు.

న్యూటన్ వెలుగును కణాల లెక్క చూసిండు. గాలిలకెల్లి ఏటవాలుగ వచ్చిన కిరణం నీళ్లల్లకు దిగంగనే లంబం (నీళ్ల మట్టానికి నిట్టనిలువు గీత) దిక్కు వంగుతది, అది అందరికీ కనబడేదే. దాన్ని ఆయన ఎట్ల చెప్పిండంటే, నీళ్లు ఆ కణాలను తమ దిక్కు గుంజుకుంటయి, అందుకే నిలువు దిక్కున వేగం పెరుగుతది, అందుకే వంగుతది, అంటే నీళ్లల్ల వెలుగు ఇంకా స్పీడుగ పోవాలె. హైగెన్స్ 1690ల అచ్చయిన తన పుస్తకంల వెలుగును తరంగం అన్నడు, తరంగం లంబం దిక్కు వంగాలంటే లోపల నెమ్మదించాలె. చూడుండ్రి, వంగుడు రెండు లెక్కలల్ల ఒకే తీరుగ వస్తది, స్నెల్ 1621ల కనిపెట్టిన వంగుడు కోణాల సూత్రం రెండింటికీ కుదురుతది. కోణాలు ఎంత కొలిచినా ఎవరు రైటో తేలదు, వేగాన్ని కొలిస్తేనే తేలుతది. అది చేతగాక వందేండ్లు దాటి ఆ తకరారు అట్లనే ఉండె.

1838ల ఫ్రాన్సుల అరగో అనే శాస్త్రవేత్త తిరిగే అద్దంతోని దీన్ని తేల్చొచ్చని ప్లాన్ ఇచ్చిండు, కానీ పని పూర్తి కాకముందే ఆయన చూపు మందగించింది. ఫిజో, ఫూకో అని ఇద్దరు కుర్రోళ్లు అందుకున్నరు, ముందుగాల కలిసి పనిచేసిండ్రు, తర్వాత విడిపోయి పోటీ పడ్డరు. ఫిజో 1849ల 720 పండ్లున్న చక్రాన్ని గిరగిర తిప్పుకుంట 8 కిలోమీటర్లకు పైగ దూరం వెలుగును పంపి వాపస్ తెప్పించి గాలిల వేగం కొలిచిండు, 3 లక్షల 13 వేల కిలోమీటర్లని వచ్చింది, ఆ కాలానికి అది మామూలు పని కాదు. 1850ల ఫూకో నీళ్ల లెక్క తేల్చిండు. వెలుగును సెకనుకు వందల సార్లు తిరిగే చిన్న అద్దం మీద కొట్టించి, ఒక దారిల గాలిలకెల్లి, ఇంకో దారిల నీళ్లు నింపిన గొట్టంలకెల్లి పంపి మళ్ల అదే అద్దం మీదికి వచ్చేటట్టు చేసిండు. వెలుగు పోయి వచ్చేలోపు అద్దం రవ్వంత తిరిగి ఉంటది, కాబట్టి వాపస్ వచ్చిన చుక్క పక్కకు జరిగి పడ్తది, ఎంత లేటయితే అంత ఎక్కువ జరుగుతది. నీళ్ల దారిల వచ్చిన చుక్క ఎక్కువ జరిగింది. ఇక్కడ అసలు తెలివి ఏందంటే ఆయన నీళ్లల్ల వేగం ఎంత అనే నంబరు జోలికే పోలే, రెండిట్ల ఏది లేటు అన్నది ఒక్కటి చూసుకున్నడు, తకరారు తెగడానికి అది చాలు. ఇంకో మూలన ఇదే పని చేస్తున్న ఫిజోకు కూడా కొన్ని వారాల తేడాతోని అదే జవాబు వచ్చింది.

తర్వాత వెలుగుకు కణాల గుణం కూడా ఉన్నదని 20వ శతాబ్దంల మళ్ల తేలింది గానీ అది న్యూటన్ చెప్పిన కణం కాదు, నీళ్లల్ల స్పీడు పెరుగుతదన్న ఆయన లెక్క అయితే ఆ దినంతోనే పోయింది. శూన్యంల వేగాన్ని మాత్రం ఇప్పుడు ఎవ్వరూ కొలుస్తలేరు, 1983ల మీటరు అంటే ఏందో దాన్ని బట్టే నిర్ణయించుకున్నరు, సెకనుకు సరిగ్గ 29,97,92,458 మీటర్లు అని ఫిక్స్ చేసిండ్రు.

ప్రశ్న: నేను ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేస్తున్న. మా ల్యాబుల మిషన్ మీద ఓడీ 0.5, ఓడీ 1.2 అని వస్తది, ఆప్టికల్ డెన్సిటీ అంటరు. అంటే ఆ శాంపిల్‌ల వెలుగు అంత నెమ్మదిగ పోతున్నట్టా? (కరీంనగర్)

జవాబు: కాదమ్మా. పైన చెప్పిన దృక్ సాంద్రతను కూడా ఇంగ్లీషుల ఆప్టికల్ డెన్సిటీ అనే అంటరు, పేరు ఒకటే, సరుకు వేరే. మీ మిషన్ చెప్పేది శాంపిల్ ఎంత వెలుగును మింగింది లేదా చెదరగొట్టింది అని, వేగం గురించి అది ఒక్క ముక్క చెప్పదు. ఓడీ 1 అంటే పంపిన వెలుగుల పదో వంతే అవతలికి వచ్చింది, 2 అంటే నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు, లాగరిథమ్ లెక్క. మంచినీళ్ల గుణకం 1.33 అయినా మీ మిషన్‌ల ఓడీ ఇంచుమించు సున్నా వస్తది, అవే నీళ్లల్ల నాలుగు చుక్కల రంగు వేస్తే ఓడీ ఎగబాకుతది, వక్రీభవన గుణకంల చెప్పుకునేంత మార్పు రాదు. రెండు చోట్ల ఇదే పేరు పెట్టి పిల్లలను ఇంత సతాయించుడు నాకైతే నచ్చదు, అబ్జార్బెన్స్ అని రాస్తే ఈ గోసే ఉండదు. మీ రికార్డుల అయినా అట్ల రాయండి.

ప్రశ్న: నాకు మైనస్ 6 ఉన్నది. కండ్లద్దాల షాపుల 1.56, 1.60, 1.67 అని రేట్లు చెప్తున్నరు, నంబరు పెరిగితే పైసలు పెరుగుతున్నయి. నంబరు ఎక్కువైతే అద్దం బరువైతదా? వెలుగు లేటుగ పోతే నాకు లేటుగ కనబడ్తదా? (కాజీపేట నుంచి ఒక గృహిణి)

జవాబు: అక్కా, రెండోది నవ్వులాటకు అడిగినా జవాబు చెప్తం. రెండు మిల్లీమీటర్ల 1.67 అద్దంల వెలుగుకు అయ్యే లేటు, సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందుల నాలుగైదు ముక్కలు. కాబట్టి బస్సు నంబరు కనబడకముందే బస్సు పోతదన్న రందేం పెట్టుకోకుండ్రి.

ఇగ బరువు సంగతి. షాపోళ్లు చెప్పే నంబరు అదే వక్రీభవన గుణకం. అది ఎక్కువుంటే వెలుగు ఎక్కువ వంగుతది, కాబట్టి తక్కువ వంపుతోనే మీ మైనస్ 6 వస్తది, అంచులు పలచగ వస్తయి. మామూలు ప్లాస్టిక్ అద్దం గుణకం 1.50, అది నీళ్ల కన్నా 1.3 రెట్లు బరువు. 1.67 ప్లాస్టిక్ కూడా ఇంచుమించు అంతే, 1.35 రెట్లు. పాతకాలపు గాజు అద్దమేమో రెండున్నర రెట్లు బరువుండి గుణకం 1.52 కాడనే ఆగింది. పాలీకార్బొనేట్ అయితే ఇంకా విచిత్రం, 1.2 రెట్లే బరువు, గుణకం 1.59. అంటే గాజు బరువుల సగం కూడా లేదు, వెలుగును మాత్రం గాజు కన్నా ఎక్కువ వంచుతది. టెన్త్ బిడ్డకు పైన చెప్పిన కిరోసిన్ లెక్కనే ఇది కూడా.

కానీ షాపుల చెప్పని రెండు ముచ్చట్లు చెప్త. గుణకం పెరిగితే ముఖం మీద నుంచి తిరిగిపోయే వెలుగు కూడా పెరుగుతది, 1.50కి ఒక్కో ముఖం కాడ 100ల 4 వంతులైతే 1.67కి 6 దాటుతది, అద్దం మీద ట్యూబ్‌లైట్ మెరుస్తనే ఉంటది, కాబట్టి ఏఆర్ కోటింగ్ (వెలుగు తిరిగిపోకుంట వేసే పూత) లేకుంట హై ఇండెక్స్, అంటే గుణకం ఎక్కువున్న అద్దం, తీసుకోకుండ్రి. రెండోది రంగులు. నీలం వెలుగు, ఎర్ర వెలుగు ఒకే స్పీడుల పోవు, నీలం ఇంకింత నెమ్మది, ఈ తేడా పాలీకార్బొనేట్‌ల, 1.67ల మామూలు ప్లాస్టిక్ కన్నా ఎక్కువుంటది, అద్దం అంచులకెల్లి చూస్తే బల్బుల చుట్టు రంగుల గీతలు కనబడొచ్చు. కొందరికి వారంల అలవాటైతది, కొందరు రోజూ గులుగుతరు. మైనస్ 2 ఉన్నోళ్లకు 1.67 అంటగట్టుడు దండగ, మైనస్ 6కు మాత్రం ఖర్చు పెట్టొచ్చు.

ప్రశ్న: మా వ్యవసాయ బావిల నీళ్లు తేటగున్నప్పుడు అడుగు రాళ్లు చేతికి అందేటంత దగ్గర కనబడ్తయి. దిగితే మనిషి మునుగుతడు. ఇది కూడా మీరు చెప్పేదేనా? (పరకాల)

జవాబు: ఇదే అన్నా, దీన్ని మాత్రం ఇంట్ల పిల్లలందరికి చెప్పుండ్రి. అడుగు నుంచి వచ్చే వెలుగు నీళ్లు దాటి గాలిలకు రాంగనే లంబానికి దూరంగ వంగుతది, మన కన్ను ఏమో అది సక్కగనే వచ్చిందనుకొని రాయిని మీదికి జరిపి చూస్తది. నిట్టనిలువుగ మీదికెల్లి చూస్తే లోతును 1.33తోని భాగించాలె, అంటే ముప్పావు వంతే కనబడ్తది, 12 ఫీట్ల నీళ్లు 9 ఫీట్ల లెక్క అగుపిస్తయి. గడ్డ మీద నిలబడి ఏటవాలుగ చూస్తే అది కూడా ఉండదు, ఇంకా తక్కువ కనబడ్తది, ఎంత పక్కకెల్లి చూస్తే అంత మోసం. ఎండకాలం సెలవులల్ల బావికాడికి, చెరువుకాడికి పోయే పొలగాండ్లు ఒడ్డు మీదికెల్లి చూసి నడుం లోతే ఉన్నదని దుంకుతరు. కట్టెతోని కొలవకుంట, ఈతొచ్చినోళ్లు పక్కన లేకుంట దిగనియ్యకుండ్రి. బరిసెతోని చేపను కొట్టేటోళ్లకు ఇది ఏ బుక్కు చదవకుంటనే తెలుసు, చేప కనబడ్డ జాగల కాదు, దాని కిందికి గురి పెడ్తరు.

ప్రశ్న: ఇంట్ల ఫైబర్ నెట్ పెట్టించినం, వెలుగు స్పీడుతోని డేటా వస్తదని చెప్పిండ్రు. అయినా గేమ్‌ల పింగ్, అంటే సిగ్నల్ సర్వర్ దాకా పోయి వచ్చే టైం, 40 మిల్లీసెకన్లు చూపిస్తది. ఫైబర్‌ల గాజు వెలుగును ఆపుతున్నట్టేనా? (హసన్‌పర్తి)

జవాబు: ఆపుతది గానీ నీ పింగ్‌కు అది కారణం కాదు తమ్ముడూ. ఫైబర్ గాజు గుణకం 1.47 దగ్గర, వెలుగు దాంట్ల సెకనుకు 2 లక్షల 4 వేల కిలోమీటర్లు పోతది. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు ఒక్క మిల్లీసెకన్ కూడా పట్టదు. ముంబైల సర్వర్ ఉండి కేబుల్ 1000 కిలోమీటర్లు ఉన్నదనుకున్నా పోను 5, రాను 5, మొత్తం 10 మిల్లీసెకన్లు, మిగిలిన 30 నడుమ ఉన్న రూటర్లది, నీ వైఫైది, గేమ్ సర్వర్‌ది. లోపల గాజు బదులు గాలి ఉండే బోలు ఫైబర్లు కూడా వచ్చినయి, వాటిల్ల వెలుగు ఇంచుమించు 3 లక్షల స్పీడుతోనే పోతది, అవి మన గల్లీకి వచ్చేదాకా నువ్వు ముందుగాల ల్యాన్ కేబుల్ పెట్టి చూడు.

ప్రశ్న: అడవి తేనె కొని అమ్ముతం. కొనే కంపెనీ వాళ్లు ఒక చిన్న దుర్బిణి లాంటి దాంట్ల చుక్క తేనె వేసి కంటికి పెట్టి చూసి ఇది తీసుకోం, నీళ్లున్నయి అంటున్నరు. తూకం వెయ్యకుంట, రుచి చూడకుంట ఎట్ల తెలుస్తది? (ములుగు)

జవాబు: దాన్ని రిఫ్రాక్టోమీటర్ అంటరు, చెరుకు రసంల, పండ్లల్ల తీపి చూసే బ్రిక్స్ మీటర్ కూడా ఇదే జాతి. తేనెల చక్కెరలు ఎంత చిక్కగుంటే వెలుగు అంత నెమ్మదిస్తది, నీళ్లు పెరిగితే గుణకం తగ్గుతది. మంచి తేనెకు 1.49 చుట్టుముట్టు ఉంటది, నీళ్లకు 1.33 కద, ఈ రెండింటి నడుమ ఎక్కడ ఉన్నదో చూస్తే నీళ్లు ఎంత శాతమో లోపలి స్కేలు మీద గీత చూపిస్తది, తేనెల తేమ 20 శాతం దాటొద్దని మన దేశంల రూల్ ఉన్నది. వేడి తేనెకు గుణకం తగ్గుతది, కాబట్టి ఎండల పెట్టిన డబ్బాలకెల్లి తీసి అప్పుడే చూస్తే ఉన్నదానికన్నా నీళ్లు ఎక్కువ చూపెడ్తది, చల్లారనిచ్చి చూడమనుండ్రి, లేదంటే వేడికి తగ్గట్టు లెక్క సరిచేసే మీటర్ వాడమనుండ్రి.

ఇది పాలకు పెట్టే లాక్టోమీటర్ లెక్క కాదు, అది పాలల్ల ఎంత మునిగిందో చూసి బరువు సాంద్రత చెప్తది, దానికి వెలుగుతోని సంబంధం లేదు. ఇంకోటి, తేనెల చక్కెర పాకమో బెల్లం పాకమో అదే చిక్కదనంతోని కలిపితే ఈ మీటర్ పట్టుకోలేదు, ఎందుకంటే వెలుగుకు రెండూ ఇంచుమించు ఒకటే. దానికి ల్యాబ్ టెస్టే గతి. మీరు కలపలేదు కాబట్టి మీకు రందేం లేదు, పచ్చి పట్టు కొయ్యకుంట తేనెటీగలు మైనంతోని మూతేసిన గడుల తేనెనే తీస్తే తేమ మామూలుగ తక్కువుంటది, అయినా వానకాలంల తీసిందైతే అమ్మే ముందు మీరే ఒకసారి చూసుకోండి, ఆ మీటర్ మరీ ఎక్కువ ఖరీదైన వస్తువేం కాదు, నలుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా నడుస్తది.